నా సైకిల్ వెనుక చక్రాన్ని మళ్లీ నిలబెట్టిన మేస్త్రీ గారికి, ఆయనకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

మోకాలి శస్త్రచికిత్స జరిగిన నాటి నుండి, అంటే సుమారు రెండేళ్లుగా, రాజమహేంద్రవరంలోని మా ఇంటి నుండి ధవళేశ్వరంలోని పాఠశాలకు నేను ఎలక్ట్రిక్ సైకిల్ మీదే వెళ్లి వస్తున్నాను. గత నెలలో ఒక వాన సాయంత్రం, నీరు నిండడం వల్ల కనబడని గుంతలో వెనుక చక్రం పడింది. టైరులో గాలి తక్కువగా ఉండడంతో దెబ్బంతా రిమ్ము మీదే పడి, దాని అంచు ఒకచోట సొట్టపోయి పక్కకు ఉబ్బింది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బు బ్రేకు రబ్బరుకు తగిలి పట్టేసేది.

సైకిల్ కొన్న చోట అడిగితే, మోటారు చక్రం మధ్యలోని హబ్బులోనే ఉంటుంది కనుక మోటారుతో సహా చక్రం మొత్తం మార్చవలసిందేనని చెప్పారు. అంత సొమ్ము నా వద్ద లేదు. ఆ దిగులుతో సైకిల్‌ను నడిపించుకుంటూ వెళుతుండగా, కోటిపల్లి బస్టాండు దగ్గర చిన్న దుకాణం నడుపుకొనే మేస్త్రీ గారు నన్ను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి చూసి, “మాస్టారూ, మోటారు లక్షణంగా ఉంది. రిమ్ము ఒక్కటీ మారుద్దాం, తొందరపడి డబ్బు పోయకండి” అన్నారు.

తగిన రిమ్ము దొరకడమే పెద్ద పని అయింది. 26 అంగుళాలన్న ఒకే పేరుతో వేర్వేరు కొలతల రిమ్ములు అమ్ముతారని నాకు అంతవరకు తెలియదు. టైరు పక్కన అచ్చువేసిన 50-559 అన్న అంకెలు చూపించి, టైరు కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లున్న రిమ్మే కావాలని, 590 తెస్తే ఈ టైరు దానికి పట్టదని, స్పోకుల రంధ్రాలు కూడా 36 ఉండాలని ఆయన కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని విజయవాడలో రెండు రోజులు తిరిగి, గట్టి రెండు పొరల అల్యూమినియం రిమ్ము కొని బస్సులో పంపిన మా తోడల్లుడి గారికి నేను రుణపడి ఉన్నాను.

చక్రం విప్పే ముందు మోటారు తీగను జాగ్రత్తగా వేరుచేసి, ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫొటోలు తీసి ఉంచిన ఐటీఐ విద్యార్థికి నా ఆశీస్సులు. ఆ వాషర్లు తారుమారైతే మోటారు బలానికి ఇరుసే తిరిగి తీగ తెగిపోయే ప్రమాదం ఉందట.

ఆ తరువాత మేస్త్రీ గారు చేసిన పనిని నేను పక్కనే కూర్చుని చూశాను. మోటారు డబ్బా పెద్దది కావడం వల్ల స్పోకులు మామూలు వాటి కంటే బాగా పొట్టిగా ఉంటాయి. కొత్త రిమ్ము లోపలి కొలత పాతదానితో సరిపోయిందని నిర్ధారించుకున్నాక, రెండు రిమ్ములనూ పక్కపక్కన కట్టి, ఒక్కొక్క స్పోకునే పాతదాని నుండి కొత్తదానిలోకి మార్చారు. వంగిపోయిన మూడింటిని మాత్రం పక్కన పెట్టి, వాటి పొడవుకే కొత్తవి తెప్పించి వేశారు. ఆపై సైకిల్‌ను తలకిందులుగా నిలిపి, సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా పట్టుకుని చక్రం తిప్పుతూ, సుద్ద గీత పడిన చోటల్లా నిపుళ్లను (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న మరలను) పావు చుట్టు చొప్పున సరిచేస్తూ బెండు తీశారు. ఫ్రీవీలు (గొలుసు పట్టే పళ్ల చక్రం) ఉన్న వైపు స్పోకులు రెండో వైపు వాటి కంటే బిగువుగా ఉంటేనే రిమ్ము మధ్యలో నిలుస్తుందని చెబుతూ, ఒక్కొక్కదాన్నీ వేలితో మీటి, శబ్దం విని సరిచూసుకున్నారు. ఈ ఒక్క పనికే దాదాపు మూడు గంటలు పట్టింది. చీకటి పడినా, ఆయన ఒక్కసారి కూడా “ఇక చాలు” అనలేదు.

కొత్తగా అల్లిన చక్రంలో స్పోకులు సర్దుకుని కొంత వదులవుతాయని, పది రోజుల తరువాత తప్పక రమ్మని ఆయనే చెప్పారు. మొన్న ఆదివారం వెళితే అన్నీ మళ్లీ బిగించి, ఎంత బతిమాలినా ఆ పనికి రూపాయి కూడా తీసుకోలేదు. మేస్త్రీ గారూ, మా తోడల్లుడి గారూ, నాయనా, మీ ముగ్గురికీ నా హృదయపూర్వక నమస్కారాలు. సోమవారం నుండి మళ్లీ బడికి సైకిల్ మీదే వెళుతున్నాను.