రివర్స్ లైటు వెలిగింది బావా

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. రివర్స్ లైట్లు వెలగట్లేదంటే షెడ్డులో వెనక వైరింగంతా మార్చాలన్నారని, 12,000 అవుతుందన్నారని, నువ్వు సరే అనేశావని రాశావు. ఆగు. ఆ డబ్బు జేబులోంచి తీసేముందు ఇది పూర్తిగా చదువు. ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, సగం వినగానే "ఆ ఆ, తెలుసులే" అంటావు. ఉత్తరాన్నయితే అలా అనలేవు.

నా బండీ నీ బండి ఈడుదే కదా, 2009 మోడల్ డీజిలు కారు. మొన్న సంక్రాంతికి దానికీ ఇదే రోగం వచ్చింది. మా అత్తారి ఊరు నీకు తెలుసు, గార దాటాక కళింగపట్నం వైపు. వాళ్ల సందులోకి బండి తిన్నగా దూరుతుంది, బయటికి మాత్రం వెనక్కే రావాలి. ఒక పక్క గోడ, ఒక పక్క మురిక్కాలవ. కనుమ నాడు రాత్రి భోజనాలయ్యాక బయల్దేరాం. డిక్కీ నిండా తేగల కట్టలు, అరిసెల డబ్బా. రివర్స్ వేస్తే వెనక కటిక చీకటి. మా అత్తగారు సెల్లు టార్చి పట్టుకుని "రండి బాబూ, రండి" అంటున్నారు, ఆ వెలుతురంతా అద్దంలోంచి నా కళ్లలోనే పడుతోంది. మావగారేమో ఇంకో పక్క నిలబడి "కుడికి, కుడికి" అంటారు. ఆయన కుడి వేరు, నా కుడి వేరు. చివరికి పక్కింటివాళ్ల కుడితి తొట్టికి గుద్దాను. తొట్టి చెక్కు చెదరలేదు, నా బంపరుకే సొట్ట పడింది.

నిజానికి రెండు నెలల ముందు నుంచే బండి చెబుతోంది, నేనే వినలేదు. రివర్స్ వేస్తే ఒక్కోసారి లైటు వచ్చేది కాదు. గేరు రాడ్డు పట్టుకుని ఇంకాస్త లాగితే వచ్చేది. ముసలి బండి కదా, బతిమాలితే గానీ పలకదులే అనుకునేవాణ్ణి.

మర్నాడు అందరూ చేసే పనే నేనూ చేశాను, బల్బులు మార్చడం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక కొట్లో రెండు బల్బులడిగితే కుర్రాడు చూడకుండానే తీసిచ్చాడు. ఇంటికొచ్చి పెడితే దిగదే! తోశాను, తిప్పాను, తిట్టాను. తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమైంది. నా బండి రివర్స్ లైటుకి కావాల్సింది 12 వోల్టుల, 21 వాట్ల ఒంటి ఫిలమెంటు బల్బు. అడుగున ఒకటే చుక్క ఉంటుంది, పక్కనున్న రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉంటాయి. వాడిచ్చింది బ్రేకు లైటుది. అందులో 21కి ఒకటి, 5కి ఒకటి, రెండు ఫిలమెంట్లు. అడుగున రెండు చుక్కలు, పిన్నులు ఎగుడుదిగుడు. ఇంకాస్త బలం చూపించి ఉంటే హోల్డరు విరిగేది. మళ్లీ వెళ్లి మార్చుకొచ్చాను. సరైన బల్బులు పెట్టినా చీకటే. పాత బల్బుల్ని నేరుగా బ్యాటరీకి తగిలిస్తే రెండూ భేషుగ్గా వెలిగాయి! రెండు బల్బులూ కూడబలుక్కుని ఒకేరోజు పోవు కదా. ఆ మాట కొట్టుకి వెళ్లకముందు తట్టలేదు.

ఫ్యూజూ చూశాను, బాగానే ఉంది. ఎర్రది, 10 ఆంపులది. రెండు బల్బులూ కలిపి తీసుకునేది మూడున్నర ఆంపులే, కాబట్టి అది ఊరికే పోదు. నీ బండిలో పోయి ఉంటే మాత్రం ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. దాని చోట 20 ఆంపులది పెట్టకు, వైరే కాలిపోతుంది.

ఇక మిగిలింది ఏమిటో చూడు. ఇంతా చేసి ఆ కరెంటు నడిచే దారి సూటిదే. బ్యాటరీ నుంచి తాళానికి, తాళం నుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి గేరుబాక్సు మీదుండే రివర్స్ స్విచ్చికి, అక్కణ్ణుంచి వెనక బల్బులకి, బల్బుల నుంచి ఎర్తుకి, అంటే బండి రేకు మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారికి. ఆ స్విచ్చి చూడ్డానికి లావుపాటి బోల్టులా ఉంటుంది, కొసన చిన్న గుండు. రివర్స్ గేరు పడినప్పుడు లోపలి రాడ్డు ఆ గుండుని నొక్కుతుంది, కాంటాక్టు కలుస్తుంది. పదిహేనేళ్లు డీజిలు ఇంజను పక్కన వణుకుతూ, గేరాయిల్లో నానుతూ ఉంటే గుండయినా అరుగుతుంది, లోపలి కాంటాక్టయినా మాడుతుంది. నేను రాడ్డు ఇంకాస్త లాగినప్పుడల్లా వెలిగిందంటే, అరిగిపోయిన గుండుని కొసదాకా నొక్కుతున్నానన్నమాట. జబ్బు పేరు బండే చెప్పింది, నేను బతిమాలుతున్నాననుకున్నాను.

పరీక్ష చాలా తేలిక. చక్రం కింద ఇటుక పెట్టు, హ్యాండ్ బ్రేకు లాగు. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా తాళం ఒక్కటే ఆన్ చెయ్యి. స్విచ్చికి వైర్లు తగిలించే కప్లరు ఊడదీసి, బండి వైరింగ్ వైపున్న రెండు పిన్నుల్నీ చిన్న వైరు ముక్కతో కలుపు. గేరు కూడా వెయ్యక్కర్లేదు. స్విచ్చి చెయ్యాల్సిన పని ఆ వైరు చేస్తుంది. లైట్లు వెలిగితే స్విచ్చి పోయినట్టే. అలా కలిపి, మా పెద్దోణ్ణి వెనక నిలబెట్టాను.

"నాన్నా, వచ్చింది!"

"రెండూనా?"

"కుడిదే. ఎడంది రాలేదు."

అదీ అసలు మెలిక. ఒక జబ్బుకి మందు వెతుకుతుంటే రెండు జబ్బులున్నాయని తేలింది. ఎడం లైటు ఎన్నాళ్లుగా వెలగట్లేదో దేవుడికే తెలియాలి. ఒక్క కుడి లైటుతో నడిపేస్తూ, స్విచ్చి కూడా పోయి రెండూ ఆరిపోతే గానీ కిందకి దిగి చూడలేదు. నువ్వైతే చూసేవాడివా? చెప్పకులే.

స్విచ్చి నాకు 280 రూపాయలకి వచ్చింది. విప్పేటప్పుడు కింద డబ్బా పెట్టుకో, గేరాయిలు కాస్త కారుతుంది. కొత్తది రాగి వాషరుతో వేసి మామూలుగా బిగించు, కండ చూపించకు. గేరుబాక్సు అల్యూమినియంది, మర చెడిందంటే ఖర్చు వేలల్లోకి పోతుంది.

ఇక ఎడమ లైటు దగ్గర ఒక పూటంతా పోయింది. బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెడితే 12.3 వోల్టులు. నిక్షేపంగా కరెంటు వస్తోంది. బల్బు పెడితే వెలగదు. చేత్తో నీడ చేసుకుని చూస్తే మాత్రం ఫిలమెంటు నిప్పుకణంలా ఎర్రగా ఉంది. బల్బు తీస్తే మళ్లీ 12.3. దాన్నలా తీస్తూ పెడుతూ నేను గొణుక్కుంటుంటే మా ఆవిడ వచ్చి టీ గ్లాసు పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది.

చివరికి ఆమదాలవలస రోడ్డులో, చెట్టు కింద బ్యాటరీలు పేర్చుకుని కూర్చునే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మీటరు ముట్టుకోనేలేదు. రివర్స్ వెయ్యమని వెనక్కెళ్లి నిలబడి, "ఇదేటి బాబూ, తెల్లది ఎలగమంటే ఎర్రది ఎలుగుతోంది?" అన్నాడు. దిగి చూస్తే నిజమే. పార్కింగ్ లైట్లు ఆఫ్‌లోనే ఉన్నాయి, అయినా ఎడమ వైపు ఎర్రలైటు మిణుకుమిణుకుమంటోంది. "ఎర్తు నేదు బాబూ దీనికి. బల్బులు మార్సీసి ఏటి లాభం?"

ఇది మనసులో పెట్టుకో బావా, ఎక్కడైనా పనికొస్తుంది. ఆ పక్కనున్న బల్బులన్నిటికీ ఎర్తు ఒకటే. అది సరిగ్గా లేకపోతే రివర్స్ బల్బులోంచి వచ్చిన కరెంటుకి ఇంటికెళ్లే దారి ఉండదు. అప్పుడది పక్కనున్న ఎర్ర బల్బులోకి దూరి, దాని వైరు పట్టుకుని అవతలి పక్క లైట్లలోంచి చుట్టుతిరిగి ఎర్తుకి పోతుంది. అందుకే వెలగాల్సింది ఆరిపోయి, వెలగకూడనిది మిణుకుమంటుంది. మరి మీటరు 12.3 ఎందుకు చూపించింది? మీటరు దాదాపు కరెంటు తాగదు. తుప్పులోంచి పిసరంత దారి ఉన్నా దానికి చాలు, నిండుగా చూపించేస్తుంది. బల్బుకి దగ్గర దగ్గర రెండు ఆంపులు కావాలి, అంత ఆ తుప్పులోంచి రాదు. ఇంటికొచ్చి, ఈసారి బల్బు పెట్టి ఉంచే, హోల్డరు ఎర్తుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటరు పెట్టాను. సున్నా ఉండాల్సిన చోట 9 వోల్టులు! బల్బు తినాల్సిందంతా తుప్పే తింటోంది.

డిక్కీ లోపల ఎడమ మూల అట్ట విప్పితే అక్కడుంది మహాతల్లి. కొసన గుండ్రటి రింగుతో ఒక నల్ల వైరు, బాడీకి ఒక స్క్రూ. స్క్రూ చుట్టూ పచ్చగా తెల్లగా పొడి, వేలితో గీకితే రాలుతోంది. అత్తారింటికెళ్లినప్పుడల్లా బండి సముద్రం గాలికి రోజుల తరబడి నిలబడేది, ఆ పైన లైటు రబ్బరు సందులోంచి వాన నీళ్లు. ఉప్పు చేసిన పనికి ఉప్పు కాగితమే మందయింది. రింగునీ దాని కింద రేకునీ తళతళలాడేదాకా రుద్ది, కొత్త స్క్రూ వేసి, పైన కాస్త గ్రీజు పూశాను. మళ్లీ మీటరు పెడితే 0.08. ఎడమ లైటు కుడిదానికంటే తెల్లగా వెలిగింది.

ఇప్పుడు నీ సంగతి. "డిక్కీ డోరు గట్టిగా వేస్తే ఒక్కోసారి వెలుగుతుంది" అని చివర్లో తేలిగ్గా రాసేశావు చూడు, నీ మెసేజ్ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటే. నీ బండికి రివర్స్ లైట్లు డోరులోనే ఉంటాయి. బాడీ నుంచి డోరులోకి వైర్లు పైన కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. డోరు తీసిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి. పదిహేనేళ్లలో ఎన్ని వేలసార్లు వంగాయో లెక్కేసుకో. పైన తొడుగు బాగానే కనపడుతుంది, లోపల రాగి తెగి ఉంటుంది. గొట్టాన్ని వెనక్కి లాగి ఒక్కో వైరునీ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడు. తెగినది రబ్బరులా సాగుతుంది. తెగినచోట కాస్త పొడుగు ముక్క కలిపి సోల్డరింగ్ చేయించి స్లీవ్ తొడిగించు. మెలిపెట్టి టేపు చుడితే వానాకాలం దాకా కూడా ఆగదు. రెండు మూడు తెగి ఉంటే అతుకులన్నీ ఒకే చోట రాకుండా చూడమను, లేకపోతే గొట్టంలో పట్టవు. గంట పని, బావా. దీనికి వెనక వైరింగంతా ఎందుకురా?

అది అయ్యాక కూడా, స్విచ్చి దగ్గర వైరు ముక్క పెట్టి ఒకసారి చూడు. నా అనుభవం చెప్పానుగా, ఒకటి దొరకగానే మూత వేసేవు, జాగ్రత్త.

మొన్న శుక్రవారం మళ్లీ అత్తారింటికెళ్లాం. రాత్రి బయల్దేరి రివర్స్ వేస్తే సందంతా తెల్లగా, కాలవ గట్టు మీద గడ్డి సహా కనపడింది. మా అత్తగారు మాత్రం అలవాటుగా టార్చి పట్టుకుని వచ్చేశారు. "అక్కర్లేదండీ, లైట్లు బాగయ్యాయి" అన్నాను. "ఉండనీండి బాబూ" అని నేరుగా నా కళ్లలోకే కొట్టారు.

చెల్లాయికి, పిల్లలకి అడిగానని చెప్పు. రబ్బరు గొట్టం విప్పగానే ఫోటో తీసి పంపు, ఎవరి చేతికీ బండి ఇవ్వకముందే.

నీ
బావ