మగపిల్లల బడిలో ఈ ఏడాది: తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. టర్మ్ అయిపోయింది, పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు కూడా మీ ఇళ్లకు వచ్చేశాయి. ఏ క్లాసులో ఎవరు ఫస్ట్ వచ్చారో నోటీసు బోర్డులో ఉంది కాబట్టి ఆ జాబితా మళ్లీ ఇక్కడ రాయడం లేదు. కార్యదర్శిగా ఈ ఏడాది నా మనసులో నిలిచిపోయిన సంగతులు వేరే ఉన్నాయి. వాటి గురించే వివరంగా రాస్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు అన్నిటికంటే పెద్ద సంగతి. ఏడాది మొదట్లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు సోషల్ పరీక్షలో మ్యాప్ ప్రశ్నకు ప్రతిసారీ సున్నా తెచ్చుకుంటున్నాడని, ఎంత చెప్పినా దాని మీద దృష్టి పెట్టడం లేదని వాళ్లమ్మ మన సమావేశంలో చెప్పుకుని బాధపడ్డారు. మిగతా సబ్జెక్టుల్లో వాడు బాగానే ఉన్నాడు. క్లాస్ టీచర్ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, అట్లాస్ తెరిచి, అడవులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమంటే వాడు చాలాసేపు చూసి చూసి, చివరికి మెల్లగా "సార్, ఇవన్నీ ఒకే రంగు కదా" అన్నాడట. ఆ పేజీలో ఆకుపచ్చ ఉంది, ఎరుపు ఉంది, గోధుమ రంగు ఉంది. వాడికి అవి విడివిడిగా కనిపించడం లేదు. ఇన్నేళ్లుగా బడికి వస్తున్న పిల్లాడి సంగతి మనలో ఒక్కరికీ తెలియలేదు. వాడికి కూడా తెలియదు, లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాడు. తనకు మాత్రమే అర్థం కావడం లేదంటే మొద్దు అంటారేమోనని నోరు విప్పలేదు. (వాడూ వాళ్లమ్మా రాయమన్నారు కాబట్టే ఇది రాస్తున్నాను.)

మనది మగపిల్లల బడి కాబట్టి ఈ విషయం మనం ఎప్పుడో పట్టించుకుని ఉండాల్సింది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని చూసే శక్తికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడపిల్లలకు రెండు ఎక్స్‌లు ఉంటాయి, ఒకదాంట్లో లోపం ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. మగపిల్లలకు ఉండేది ఒక్కటే, అదీ అమ్మ దగ్గర్నుంచే వస్తుంది. అందుకే వర్ణాంధత్వం, అంటే కలర్ బ్లైండ్‌నెస్, ఎక్కువగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 100కి 8 మందికి, ఆసియా వాళ్లలో అంతకంటే కొంత తక్కువ మందికి ఇది ఉంటుంది, ఆడవాళ్లలో మాత్రం చాలా అరుదు. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి చదివే బడిలో కంటే మన బడిలో ఇలాంటి పిల్లలు ఎక్కువగానే ఉంటారన్నమాట. చాలా ఇళ్లలో అమ్మమ్మ భర్తకు, అంటే ఆ తాతయ్యకు కూడా ఇదే ఉండి ఉంటుంది, ఎవరూ గుర్తించి ఉండరు. సమావేశంలో ఇది విని ఇద్దరు తల్లులు "అయితే నా వల్లేనా" అని కళ్లు తుడుచుకున్నారు. అమ్మలూ, ఇందులో ఎవరి తప్పూ లేదు. జన్యువులు మనల్ని అడిగి రావు.

ఆ తర్వాత సంఘం తరఫున కంటి డాక్టర్‌ని పిలిపించి, ఇళ్ల నుంచి ఒప్పుకోలు కాగితం తెచ్చిన పిల్లలందరికీ ఇషిహారా పరీక్ష చేయించాం. రంగు రంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉండే బొమ్మలు చూసే ఉంటారు, అవే. జపాన్ కంటి వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో వీటిని తెచ్చారు, ఇప్పటికీ మొదటగా చేసేది ఈ పరీక్షే. ఎంతమందికి తేడా ఉందో ఇక్కడ రాయను, ఆయా ఇళ్లకు విడిగా చెప్పాం. ఒక్కడే మాత్రం కాదు. కొందరు పెద్ద క్లాసుల పిల్లలు తమకు ముందే అనుమానం ఉందని, క్రికెట్‌లో ఎర్ర బంతి పచ్చిక మీద కనిపించక ఫీల్డింగ్ అంటే భయపడేవాళ్లమని అప్పుడు చెప్పారు. బంతి వదిలేశాడని ఆ పిల్లల్ని తిట్టిన రోజులు గుర్తొచ్చి మాలో చాలామందికి నోట మాట రాలేదు.

పుట్టుకతో వచ్చే దీనికి మందు లేదు. రంగు కళ్లద్దాలు పెట్టుకుంటే మామూలు చూపు వచ్చేస్తుందన్న ప్రకటనల్ని నమ్మకండి, అవి కొన్ని రంగుల మధ్య తేడాను కొందరికి పెంచుతాయి అంతే. బడిలో మార్చగలిగింది మాత్రం చాలా ఉంది, టీచర్లు అది నిజంగానే మార్చారు. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర చాక్‌పీస్‌తో రాయడం ఆపేశారు, తెలుపూ పసుపూ మాత్రమే. గ్రాఫుల్లో గీతలకు రంగుతో పాటు పేరు కూడా రాస్తున్నారు, లేదంటే ఒకటి నిండుగీత, ఇంకొకటి చుక్కలగీత పెడుతున్నారు. ప్రశ్నపత్రాన్ని ముందు నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూస్తున్నారు, అలా చూసినా అర్థమైతేనే పిల్లల చేతికి ఇస్తున్నారు. ఆటల్లో ఎరుపు, ఆకుపచ్చ జెర్సీల బదులు నీలం, పసుపు వచ్చాయి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే మిథైల్ ఆరెంజ్ వాడే చోట రంగు మారిందో లేదో పక్కవాడు చెప్పొచ్చని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. చిన్న పిల్లల రంగు పెన్సిళ్ల మీద రంగు పేర్లు అతికించింది మన సంఘం అమ్మలూ నాన్నలే, రెండు సాయంత్రాలు కూర్చున్నారు, వాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. ఇంకో మాట. విమానం నడపడం, రైలు నడపడం లాంటి కొన్ని ఉద్యోగాలకు రంగుల పరీక్ష ఉంటుంది. చదువంతా అయ్యాక మెడికల్ టెస్టులో బయటపడి కుప్పకూలే కంటే ఎనిమిదో తరగతిలోనే తెలియడం వెయ్యి రెట్లు నయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సైన్స్ ఫెయిర్‌లో ఈసారి మొదటి బహుమతి కూడా వర్ణాంధత్వం మీద చేసిన చార్టుకే వచ్చింది. పరమాణు సిద్ధాంతం పాఠంలో పేరు చదివే జాన్ డాల్టన్‌కూ ఆయన సోదరుడికీ ఇదే ఇబ్బంది. 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించి తానే ప్రసంగం చేశాడు. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండబట్టే తనకిలా కనిపిస్తోందని ఆయన ఊహ, చనిపోయాక కన్ను పరీక్షించమని చెప్పిపెట్టాడు. 1844లో చూస్తే ద్రవం తేటగా ఉంది. దాచి ఉంచిన ఆ కంటి నుంచి 1995లో డీఎన్‌ఏ తీసి చూస్తే అసలు కారణం తేలింది, ఆకుపచ్చ కాంతిని పట్టే వర్ణకం ఆయనకు లేదు. మ్యాప్ దగ్గర ఇబ్బంది పడ్డ ఆ అబ్బాయే ఈ చార్టు పక్కన నిలబడి అడిగినవాళ్లందరికీ వివరించాడు. "నాక్కూడా ఇదే ఉంది" అని మొదలుపెట్టాడు. వాళ్లమ్మ వెనక వరసలో నిలబడి విన్నారు.

ఆటల సంగతి. 4×100 రిలేలో మన జట్టుకు రెండో స్థానం వచ్చింది. కిందటేడు బ్యాటన్ కింద పడేసుకుని మధ్యలోనే ఆగిపోయిన జట్టిది. మన నలుగురిలో ఒక్కడు కూడా విడిగా 100 మీటర్ల పరుగులో ఫైనల్‌కు వెళ్లలేదు, ఆ మాట నేను పదిమందికి చెప్పుకుంటున్నాను. బ్యాటన్ మార్చుకోవడానికి 30 మీటర్ల జోన్ ఉంటుంది, ఆ జోన్ లోపల ఉండాల్సింది బ్యాటన్, కాళ్లు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు. అందుకునేవాడు వెనక్కి చూడకుండా చెయ్యి చాచి పరిగెడతాడు, ఇచ్చేవాడు అరిచి చెప్పాలి. పీఈటీ సార్ ఏడాదంతా వాళ్లతో చేయించింది ఆ అరుపే. మొదట్లో మూడో వాడు సిగ్గుపడి గట్టిగా అరిచేవాడు కాదట. ఇప్పుడు గేటు దాకా వినిపిస్తోంది.

పాటల బృందం గురించి రాయకపోతే మ్యూజిక్ టీచర్‌కు అన్యాయం చేసినట్టే. ఏడు, ఎనిమిది తరగతుల్లో గొంతులు మారతాయి, స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. ఇదివరకు గొంతు పగిలిన పిల్లలు ఏదో ఒక సాకు చెప్పి మానేసేవాళ్లు. ఒకడైతే రెండు నెలల పాటు పెదవులు మాత్రమే కదిపాడని ఈ ఏడాది టీచర్ కనిపెట్టారు. తిట్టలేదు. పాటల శ్రుతి తగ్గించారు, మారిన గొంతుల కోసం ప్రతి పాటలో కొన్ని వరసలు వేరుగా కట్టారు, ఏ నోట్ దగ్గర గొంతు జారుతోందో వారం వారం పిల్లలే చెప్పేలా అలవాటు చేశారు. వార్షికోత్సవం దాకా ఒక్కరు కూడా బృందం వదిలి వెళ్లలేదు.

తొమ్మిది, పది తరగతులకు సీపీఆర్, అంటే గుండె ఆగిపోయిన మనిషి ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఊదడం నేర్పించాం. బొమ్మ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా, 30 నొక్కులకు 2 ఊపిరులు. చేతులు నొప్పి పుడితే పక్కవాణ్ని పిలిచి మారాలని కూడా నేర్పారు, ఎందుకంటే అలసిన చేయి లోతుగా నొక్కలేదు. ఎక్కువ మంది పిల్లలు తడబడింది అక్కడే, నొప్పిగా ఉన్నా చెప్పరు.

ఇక సరిగ్గా జరగనివి. మధ్యాహ్నం లైబ్రరీ తెరిచి ఉంచుతామని కిందటేడు మాట ఇచ్చాం, కూర్చునే మనిషి దొరక్క టర్మ్‌లో సగం రోజులు తాళమే ఉంది. ఇది మా తప్పు. పరీక్షల ముందు పిల్లల నిద్ర గురించి మాట్లాడదామని పెట్టిన సమావేశానికి నాన్నలు చాలా తక్కువ మంది వచ్చారు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, ఆ వయసులో శరీరానికి నిద్ర రావడమే ఆలస్యమవుతుంది, పొద్దున లేవకపోవడం పూర్తిగా బద్ధకం కాదు. అది చెప్పడానికే పిలిచాం. మళ్లీ పెడతాం, దయచేసి రండి. మగపిల్లలు కొన్ని మాటలు నాన్న అడిగితేనే చెబుతారు.

లెక్కల పుస్తకం ఆఫీసు గదిలో ఉంది, ఏ సభ్యులైనా ఎప్పుడైనా చూడొచ్చు. వచ్చే టర్మ్‌కు మాకు కావలసినవి రెండే. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చోవడానికి వారానికి ఒక రోజు ఇవ్వగల పెద్దలు, కొత్తగా చేరే పిల్లలకు రంగుల పరీక్ష జరిగే రోజు సాయం చేసే నలుగురు. పరీక్ష పుస్తకం సంఘం బీరువాలో నల్ల గుడ్డలో చుట్టి పెట్టాం. తీసుకున్నవాళ్లు బయట వెలుతురులో వదిలేయకండి, రంగులు వెలిస్తే పరీక్ష తప్పు చెబుతుంది.