ఆ ఉమ్మి సంగతి ఎందుకు వదిలేశారు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తొలి రోజుల్లో విదేశాంగ విధానంపై నాయకులందరిదీ ఒకే మాట అని, ఈ రచ్చంతా ఇప్పుడే మొదలైందని ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

1798 జనవరిలో అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలోని అమెరికా ప్రతినిధుల సభలో వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్, కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్వోల్డ్ ముఖాన ఉమ్మాడు. రెండు వారాలు తిరగగానే గ్రిస్వోల్డ్ చేతికర్రతో వచ్చి, బల్ల దగ్గర కూర్చున్న లయన్‌ను బాదాడు. లయన్ నిప్పుగూటి దగ్గరి పట్టకారు అందుకున్నాడు. నేల మీద దొర్లుతున్న ఇద్దరినీ తోటి సభ్యులు విడదీయాల్సి వచ్చింది. ఇదేనా ఒకే మాట?

ఉమ్మడానికి కారణం ఓ ఎత్తిపొడుపు మాటే కావచ్చు. కానీ ఇంగ్లండ్ వైపు మొగ్గిన గ్రిస్వోల్డ్ పక్షానికీ (ఫెడరలిస్టులు), ఫ్రాన్స్ వైపు మొగ్గిన లయన్ పక్షానికీ (రిపబ్లికన్లు) మధ్య పగకు ఆజ్యం పోసింది ఆ రెండు దేశాల యుద్ధం. ఇంగ్లండ్‌తో అమెరికా దూత జాన్ జే కుదిర్చిన ఒప్పందం 1795లో సెనేట్‌లో 20–10తో గట్టెక్కింది. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి, ఒక్క ఓటు తగ్గినా వీగిపోయేదే. దానికి మండిపడిన ఫ్రాన్స్ వందల కొద్దీ అమెరికా ఓడలను పట్టుకుంది. మాట్లాడుకుందామని వెళ్లిన రాయబారులను ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి తాలీరాండ్ మనుషులు లంచం అడిగారు!

ఆ వేడిలో 1798లోనే నాలుగు చట్టాలు వచ్చాయి. పౌరసత్వానికి 5 ఏళ్ల నివాసం చాలేది, 14 ఏళ్లు చేశారు. రాజద్రోహ చట్టం కింద ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోస్తే జైలు. ఇదే లయన్‌కు 4 నెలల శిక్ష, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి. ఓటర్లు ఆయనను జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు.

రాజద్రోహ చట్టం 1801లో గడువు తీరి పోయింది. మరుసటి ఏడాది నివాస గడువు మళ్లీ 5 ఏళ్లకు దిగింది. ఆ నాలుగింట్లో ఒకటైన విదేశీ శత్రువుల చట్టం, అంటే యుద్ధ సమయంలో శత్రుదేశపు పౌరులను నిర్బంధించడానికీ పంపేయడానికీ వీలిచ్చేది, మాత్రం నేటికీ బతికే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్, జర్మనీ, ఇటలీ జాతీయులను నిర్బంధించింది దాని కిందే. 2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం వెనిజులా వాళ్లను ఎల్ సాల్వడార్ జైలుకు పంపడానికి బయటికి తీసిందీ దాన్నే.

వీసాల మీద పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లు మన వీధి వీధికీ ఉన్నాయి. వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ నాలుగు చట్టాల కథ వేయించండి.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, కాకినాడ