ఎర్ర క్యానులో బతికున్నవెన్ని?

సంపాదకులు గారికి,

మా తమ్ముడు రేపల్లె దగ్గర రెండున్నర ఎకరాల్లో వనామీ రొయ్యలు సాగుచేస్తున్నాడు. చెరువు అడుగు నల్లబడి వాసన వస్తోందని పోయిన నెల ఒక మందుల దుకాణంలో ఐదు లీటర్ల క్యాను కొని, చెరువులో పోసే ముందు నాకు చూపించడానికి గుంటూరు తెచ్చాడు. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పాను. క్యాను మీద పెద్ద అక్షరాల్లో 'పీఎస్‌బీ' అని ఉంది. ఆక్వా మందుల కొట్లో ఆ మాటకు అర్థం కిరణజన్య బ్యాక్టీరియా, అంటే వెలుగు నుంచి శక్తి పొందే సూక్ష్మజీవులు. లోపలున్నది ఎర్రటి ద్రవం. రొయ్య బొమ్మ ఉంది. ఎకరానికి ఎంత పోయాలో ఉంది. లోపలున్న జీవి పేరు లేదు, మిల్లీలీటరుకు ఎన్ని కణాలో లేదు. తయారీ తేదీ తడి తగిలి చెరిగిపోయింది. "రంగు చూడు అన్నయ్యా, ఎంత చిక్కగా ఉందో" అన్నాడు. ఆ మాటే నా చేత ఈ లేఖ రాయిస్తోంది.

కిరణజన్య బ్యాక్టీరియాను రంగు చూసి కొనకూడదు. వెలుగును పట్టే బ్యాక్టీరియోక్లోరోఫిల్, కెరోటినాయిడ్లు అనే వర్ణకాలు కణంలోని కొవ్వు పొరలో ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటాయి. ఎర్రదనం వాటిదే. కణం చచ్చినా అది రోజుల తరబడి నిలుస్తుంది. చచ్చిన కణంలో పనికిరాకుండా పోయేది పొర. రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన ఆ పొర మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షల వంతు. వెలుగు పడగానే ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) దానికి ఒక పక్క పోగవుతాయి. ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా అవి తిరిగి వచ్చేటప్పుడే కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. నాగార్జునసాగర్‌లో నీరు నిలిచి, టర్బైను గుండా దిగితేనే కదా కరెంటు! కట్టకు గండి పడితే నీళ్ళు కనిపిస్తాయి, కరెంటు పుట్టదు. ఎండలో కాగి పొర చిల్లులు పడిన కణమూ అంతే. పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి తెచ్చిన సిద్ధాంతం ఇదే.

క్యానులోంచి కొంచెం తీసి, వాటికి ఆహారంగా సోడియం ఎసిటేటు, ఈస్టు సారం కలిపిన నీళ్ళలో పదో వంతుగా కలిపాను. సీసాను మెడ దాకా నింపి మూత బిగించి, బ్రాడీపేటలోని మా డాబా పిట్టగోడ మీద పెట్టాను. పక్కనే ఇంకో సీసా, తన ఇంటి దగ్గరే ఈ బ్యాక్టీరియాను పెంచుకునే ఒక రైతు ఇచ్చిన దానితో. బతికున్న కణాలు పెరిగితేనే నీరు చిక్కబడుతుంది. ఎనిమిదో రోజుకు రైతు ఇచ్చింది రక్తచందనం నానబెట్టిన నీళ్ళలా చిక్కబడింది. దుకాణం సరుకు కింద గులాబీ రంగు మడ్డిగా పేరుకుంది, పైన తేట నీరు. ఒక్క క్యానుతో మార్కెట్ మొత్తానికి తీర్పు చెప్పలేను. కానీ ఆ తేడాను దుకాణం ముందు నిలబడిన రైతు ఎలా కనిపెట్టగలడు?

వెలుగుతో అడుగు బురదంతా శుభ్రమవుతుందన్న ప్రచారాన్నీ పరిశీలించాలి. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా వాడుకునే పరారుణ కిరణాలను మీటరు లోతుకే దాదాపు అంతా నీరే పీల్చేస్తుంది. పైగా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగే చెరువులో ఆక్సిజన్ ఎక్కువ. ఆక్సిజన్ దండిగా ఉంటే ఇవి ఆ వర్ణకాల తయారీ తగ్గించి, మామూలు శ్వాసక్రియతో బతుకుతాయి.

పేరు సంగతి చెప్పకుండా ఉండలేను. ఎరువుల కొట్లో పీఎస్‌బీ అంటే ఫాస్ఫేటును కరిగించే బ్యాక్టీరియా. ఆక్వా మందుల కొట్లో కిరణజన్య బ్యాక్టీరియా. మొదటిది నేలలోని భాస్వరాన్ని కరిగించి మొక్కకు అందిస్తుంది. రెండో కోవకు చెందిన రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్ భాస్వరం కరువైతే పొరలోని భాస్వరపు కొవ్వులను చాలావరకు తగ్గించుకుని, గంధకం ఉన్న కొవ్వుతోనూ భాస్వరం అక్కరలేని మరికొన్నింటితోనూ సర్దుకుంటుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ మూడక్షరాలే! మొదటిదానికి 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి 2006 నుంచి ప్రమాణాలు వచ్చాయి: పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు, ద్రవమైతే మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి. ఆ ఉత్తర్వు చెరువులో పోసే సరుకుకు వర్తించదు. పొలం రైతుకు ఉన్న ఆ రక్షణ రొయ్యల రైతుకు ఎందుకు ఉండకూడదు?

మత్స్యశాఖ అధికారులకు నా విన్నపం ఇది. ప్రతి క్యాను మీద జీవి పూర్తి పేరు, సజీవ కణాల సంఖ్య, చెరగని సిరాతో తయారీ, గడువు తేదీలు తెలుగులో ఉండాలి. ఉత్త 'పీఎస్‌బీ' అని రాసి అమ్మడం ఆపించాలి. నమూనాలు తీసి లెక్కించాలి. గాలి చొరని పెట్టెలో, వెలుగులో పెంచి లెక్కించడానికి వారం దాకా పడుతుంది గానీ సూక్ష్మజీవశాస్త్ర విభాగం ఉన్న కళాశాలలు చేయగలిగిన పనే. నాగార్జున విశ్వవిద్యాలయం ఈ ఊరి పక్కనే ఉంది. వారి సాయమూ కోరవచ్చు.

మా తమ్ముడు ఆ క్యాను చెరువులో పోయలేదు. మిగిలిన నాలుగు లీటర్ల పైచిలుకు మా వసారాలో నీడన ఉంది. నమూనా కోసం ఏ అధికారి వచ్చినా ఇస్తాను.

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు