గేరు పడకపోతే ఇంజను విప్పవలసిందేనా?

సంపాదకులకు నమస్కారాలు.

పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి వైపు కొండదారుల్లో బతుకుతెరువు కోసం బైకు మీద తిరిగే మా గజపతి జిల్లా తెలుగువారికి గేరు మొరాయించడం కొత్త కాదు. అయితే ఆ మాట చెవిన పడగానే కొన్ని షెడ్లలో ఇంజను దింపాలంటున్నారు. ఇది అన్యాయం.

సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ మార్చినప్పుడు గేర్లు తేలికగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే మొండికేస్తే, లోపం చాలావరకు గేరుబాక్సుది కాదు, పూర్తిగా విడవని క్లచ్‌ది. చాలా బైకులకు క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే, అంటే కేబుల్ బిగియక ముందు లివరు వదులుగా కదిలే దూరం, ఉండాలి. అంతకు మించితే కేబుల్ అడ్జస్టరు తిప్పి సరిచేయవచ్చు. లివరు దగ్గర కేబుల్ పోగులు తెగి ముళ్లలా లేచి ఉంటే మాత్రం కొత్తది వేయక తప్పదు. కాలి గేరు లివరు బోల్టు వదులై పళ్లు అరిగినా గేరు పడదు. దీన్ని చాలామంది గమనించరు. క్లచ్, గేర్లు ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉండే మన బైకుల్లో కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది కనుక, డబ్బా మీద జాసో ఎం.ఏ. (JASO MA, ఇలాంటి బైకు క్లచ్‌లకు సరిపడే ఆయిల్ అని తెలిపే ప్రమాణం) గుర్తు చూసి కొనడం మంచిది.

పడిన గేరు బరువు మీద జారిపోతుంటే అది గేరుబాక్సు లోపల గేర్లను జరిపే ఫోర్కుల, గేరు పళ్ల అరుగుదల కావచ్చు. అప్పుడు మెకానిక్కు దగ్గరకు వెళ్లవలసిందే. ఈ పరీక్షలను బొమ్మలతో సహా మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, ఒడిశా