నర్సుగా అయితేనే వెళ్ళు

అమలాపురం,
ఆదివారం.

చిరంజీవి స్వాతికి అమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా మీ నాన్నగారు విన్నారు. రాత్రి భోజనం అయ్యీ కాకముందే మన అయిదు కుంచాల కొబ్బరి తోట ఎంత పలుకుతుందో లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆయన ప్రేమ అటువంటిది. కానీ ఆ లెక్క నాకు నచ్చలేదు. ఫోనులో మాట్లాడితే ఇద్దరం మధ్యలోనే కన్నీళ్ళు పెట్టుకుంటాం కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివిన తర్వాతే ఆ ఏజెంటుకు జవాబు చెప్పు.

ఏడు లక్షలు కడితే ముందు ఇంటిపని వీసా మీద కువైట్ పంపిస్తానని, అక్కడ దిగాక ఆసుపత్రి వీసాకు మారుస్తానని అన్నాడు కదా. తల్లీ, కోనసీమలో ఇది కొత్త మాట కాదు. కువైట్ వీసాల్లో 20 నంబరు ఇంటిపనికి, 18 ప్రైవేటు సంస్థలకు, 17 ప్రభుత్వ ఉద్యోగాలకు అని మన చుట్టుపక్కల బడి ముఖం చూడని ఆడవాళ్ళు కూడా చెబుతారు. 20 మీద వెళ్ళిన మనిషి 18కి మారడానికి అక్కడి ప్రభుత్వం ఎప్పుడో గాని తలుపు తీయదు. 2024లో జూలై నుంచి సెప్టెంబరు వరకు రెండు నెలలు తీసింది. అదీ ఇంటి యజమాని ఒప్పుకుంటేనే. అతను ఒప్పుకోకపోతే ఏడు లక్షలు తీసుకున్న ఏజెంటు ఏం చేయగలడు? లైసెన్సు లేకుండా ఏ ఆసుపత్రిలోనైనా సూది పట్టుకుంటే నేరం నీ మీద పడుతుంది. ఇల్లు వదిలి బయటికి వస్తే పారిపోయిందని యజమాని కేసు పెడతాడు.

నేను పనిచేసిన ఊళ్ళలో టీకాలకు పసిపిల్లలను ఎత్తుకుని వచ్చేది చాలా ఇళ్ళలో అమ్మమ్మలే. తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండేవారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయి, తండ్రి చనిపోయినా రాలేకపోయిన ఆడపిల్లలు నాకు తెలుసు. వాళ్ళను ఒక్క మాట అనను. చేతిలో మరో దారి లేక వెళ్ళారు, ఇళ్ళు నిలబెట్టారు. నీకు దారి ఉంది. నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివావు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో నీ పేరు ఉంది, ఐసీయూలో రాత్రి డ్యూటీలు చేస్తున్నావు. ఆ పేరు పక్కన పెట్టి ఇంటిపని మనిషిగా విమానం ఎక్కమని చెప్పేవాడు నీ మేలు కోరేవాడు ఎలా అవుతాడు?

మన ప్రభుత్వమే నర్సులకు అడ్డుపడుతోందని నువ్వు కోపంగా అన్నావు. ఆ నిబంధన ఎందుకు వచ్చిందో తెలుసుకో. 2015 ఏప్రిల్ 30 నుంచి గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు నర్సులు వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలని, నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం ఆదేశించింది. మొదట కేరళలోని నోర్కా రూట్స్, ఒడెపెక్ అనే రెండు సంస్థలకే ఆ అధికారం ఇచ్చారు. తర్వాత మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ సంస్థలకూ ఇచ్చారు. అదే ఏడాది కొచ్చిలో ఒక ఏజెన్సీ మీద సీబీఐ కేసు పెట్టింది. కువైట్ పంపడానికి నర్సు దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట 19.5 లక్షలు గుంజారన్నది ఆరోపణ. అంకెల్లో చుక్క ఎక్కడ పడిందో చూశావా? ఇప్పటి నిబంధనల్లో కూడా రిజిస్టరు అయిన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. నీ ఏజెంటు అడిగింది ఏడు లక్షలు.

ఇంకో కిటుకు కూడా నీకు తెలియాలి. పదో తరగతి దాటిన వాళ్ళ పాస్‌పోర్టుకు మామూలుగా ఎమిగ్రేషన్ తనిఖీ ఉండదు. నర్సులకు మాత్రం ఎటువంటి పాస్‌పోర్టు ఉన్నా అనుమతి తప్పనిసరి చేశారు. అందుకే నిన్ను నర్సు అని చెప్పకుండా విమానాశ్రయం దాటించాలని చూస్తున్నాడు. అలా దాటితే విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ వివరాలు ఉండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నీ ఉద్యోగ ఒప్పందం ఉండదు, నీ యజమాని పేరు ఉండదు. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో వచ్చే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ఆపద వస్తే రాయబార కార్యాలయం నిన్ను ఏ పేరుతో వెతకాలి?

2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో 46 మంది మన నర్సులు యుద్ధం మధ్య చిక్కుకుపోయారు. అందులో ఎక్కువ మంది కేరళ పిల్లలు. జూలైలో క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ రోజుల్లో పేపరులో చదివిన ఒక సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. బాంబులు పడుతున్నా వాళ్ళలో కొందరు ఇంటికి రావడానికి వెనుకాడారు. ఏజెంట్లకు కట్టడానికి చేసిన అప్పు తీరలేదని. ఏడు లక్షల మాట వినగానే నాకు వాళ్ళే గుర్తుకొచ్చారు. నువ్వు అప్పుకు భయపడి ఏ దేశంలోనూ ఉండిపోకూడదు.

నీ విసుగు ఎక్కడ మొదలైందో నాకు తెలియక కాదు. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే, 85 ప్రశ్నలతో ఆగుతుందో 150 దాకా లాగుతుందో తెలియని ఎన్‌క్లెక్స్ పరీక్ష మొదటిసారే పాసయ్యావు. చదువు, లైసెన్సు, ఇంగ్లీషు సరిచూసి ఇచ్చే వీసాస్క్రీన్ పత్రానికి కూడా సిద్ధమయ్యావు. నర్సులు చాలడం లేదని అమెరికా కార్మిక శాఖే ఒప్పుకుని మిమ్మల్ని షెడ్యూల్ ఏ జాబితాలో పెట్టింది. అయినా అక్కడ స్థిరపడడానికి ఇచ్చే గ్రీన్ కార్డు దగ్గరికి వచ్చేసరికి, ఏడాదికి ఉద్యోగాల కింద ఇచ్చేవి దాదాపు 1,40,000. కుటుంబ సభ్యులు కూడా అందులోనే. ఏ దేశానికీ 7 శాతం దాటకూడదని 1990 నాటి చట్టం. పదివేల ఎకరాల ఆయకట్టుకూ వంద ఎకరాల ఆయకట్టుకూ ఒకే కొలత తూము పెడితే ఏమవుతుందో డెల్టాలో పుట్టిన నీకు నేను చెప్పాలా? ఉద్యోగాల గ్రీన్ కార్డుల్లో నర్సులు నిలబడే ఈబీ-3 అనే మూడో వర్గం వరుసలో మన వాళ్ళు పదేళ్ళకు పైగా వెనకబడి ఉన్నారు. ఫిలిప్పీన్స్ పిల్లలు అంతకంటే చాలా ముందు వెళ్ళిపోతున్నారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మరొకటి. ఆ వరుసలో దేశం అంటే పాస్‌పోర్టు కాదట, పుట్టిన చోటు అట. మీ పెద్దమ్మ కూతురు మస్కట్‌లో పుట్టింది. తనదీ మన పాస్‌పోర్టే, తనూ నర్సే. రేపు దరఖాస్తు పెడితే తనను ఒమన్ లెక్కలో చూస్తారు, నిన్ను ఇండియా లెక్కలో చూస్తారు. రోగి పక్కన నిలబడితే మీ ఇద్దరిలో తేడా ఎవరు చెప్పగలరు? ఇది అన్యాయమే. నేను అలాగే అంటాను. కానీ ఆ చట్టం రాసినవాళ్ళు నీ పని చూసి నిన్ను వెనక్కి నెట్టలేదు. ఆ వరుసను చూసి నువ్వు తక్కువదానివని అనుకోవద్దు, ఆ కసితో తప్పు తలుపు తట్టవద్దు.

బ్రిటన్ మాట కూడా అడిగావు. అక్కడి రిజిస్టరులో చేరాలంటే ఓఈటీ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష, ఇక్కడే రాసే కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్ళాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. ఈ పరీక్షలను నేను తప్పు పట్టను. మందు మోతాదు చెప్పేటప్పుడు భాష తడబడితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర కూడా అంత గట్టిగా అడిగితే బాగుండును. అయితే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు విదేశాల నుంచి నర్సులను తీసుకోవడం ఇప్పుడు బాగా తగ్గించాయి. నర్సింగ్ చదివి, వృద్ధులకు సేవ చేసే కేర్ వర్కర్ వీసా మీద వెళ్ళిన మన పిల్లలు ఉన్నారు. ఆ వీసా మీద 2024 మార్చి నుంచి కొత్తగా వెళ్ళేవాళ్ళు కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీలు లేకుండా చేశారు. 2025 జూలై 22 నుంచి ఆ పనికి విదేశాల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడమే ఆపేశారు. ఆ దారి ఇంకా తెరిచే ఉందని ఎవరైనా డబ్బు అడిగితే అబద్ధం అని తెలుసుకో.

నీకు తెలియని ఒక పాత సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట, బ్రిటన్ ఆర్థిక సాయం అందుకుంటున్న మన దేశ రాష్ట్రాల నుంచి నర్సులను పిలిపించుకోవద్దని వాళ్ళ ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు చెప్పింది. ఆ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పేద ప్రాంతాల నర్సులను ధనిక దేశాలు లాక్కోకూడదన్న ఉద్దేశం మంచిదే. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి కూడా ఆ ధోరణిలోనే వచ్చింది. వరద రోజుల్లో టీకాల పెట్టె ఒడిలో పెట్టుకుని నాటు పడవలో లంక గ్రామాలకు వెళ్ళిన దాన్ని నేను. అక్కడ ఒక్క నర్సు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ పిల్లలను ఆపడానికి నియమాలు రాసినంత శ్రద్ధగా ఇక్కడ ఖాళీలు నింపాలి కదా. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పెట్టి, జీతం నెలల తరబడి ఆలస్యం చేసి, నువ్వు వెళ్ళకూడదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నువ్వు వెళ్తానంటే నేను ఒక్కరోజు కూడా వద్దనను.

ఇక చేయవలసిన పనులు. నువ్వున్న హైదరాబాద్‌లోనే తెలంగాణ ప్రభుత్వ నియామక సంస్థ టామ్‌కామ్ ఉంది, సెలవు రోజు చూసుకుని స్వయంగా వెళ్ళి గల్ఫ్ ప్రభుత్వ ఆసుపత్రుల నియామకాలు, జర్మనీ శిక్షణ రెండింటి గురించీ అడుగు. మన రాష్ట్ర సంస్థను నేను విచారిస్తాను. జర్మనీకి బీ2 అనే స్థాయి దాకా జర్మన్ భాష రావాలి, నీ డిగ్రీని అక్కడి అధికారులు గుర్తించేదాకా సహాయకురాలిగా పనిచేయవలసి రావచ్చు. అది రాతపూర్వకంగా ఉండి, గుర్తింపు దాకా నడిపించే దారి కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నీకు భాషలు తొందరగా వస్తాయి.

సౌదీ, దుబాయి అనుకుంటే డేటాఫ్లో వాళ్ళు నీ కాలేజీనీ కౌన్సిల్‌నూ ఆసుపత్రినీ నేరుగా అడిగి ప్రతి కాగితాన్నీ సరిచూస్తారు. దాంతోపాటు అక్కడి లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసే ప్రోమెట్రిక్ పరీక్ష ఉంటుంది. ఏజెంటు ఎక్కడి నుంచో అనుభవ పత్రం తెప్పిస్తానన్నాడని నువ్వు మాటల్లో అన్నావు, నేను గమనించాను. దొంగ కాగితం ఒక్కటి దొరికినా మచ్చ నీ పేరు మీదే ఉండిపోతుంది. నీకు నిజమైన ఐసీయూ అనుభవం ఉంది. రెండేళ్ళు నిండేదాకా ఆగి, వార్డు పేరు, చేరిన తేదీ, పని వేళలు స్పష్టంగా రాయించుకో. మీ ఆసుపత్రి బాండు పేరుతో అట్టిపెట్టుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడుగు, నకలు నీ దగ్గర ఉంచుకో. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటితో అయిపోతుందో చూసి చెప్పు.

ఎవరైనా మళ్ళీ వస్తే ముందు వాళ్ళ లైసెన్సు నంబరు అడుగు. ఈ-మైగ్రేట్‌లో అది కనిపించకపోతే మాటలు అనవసరం.

మీ నాన్నగారితో పొద్దున్నే మాట్లాడాను. తోట అమ్మడం లేదు. పరీక్ష ఫీజులకు, డేటాఫ్లోకు నా పేరున ఉన్న డిపాజిట్ చాలు, అది నీకోసమే వేసింది. పాస్‌పోర్టు ఇప్పటికే ఆ ఏజెంటు చేతికి ఇచ్చి ఉంటే రేపు డ్యూటీకి వెళ్ళే ముందే వెనక్కి తెచ్చుకుని నాకు ఫోను చెయ్యి. ఇవ్వనంటే ఆ సంగతీ వెంటనే చెప్పు, నేనూ నాన్నగారూ రాత్రి బస్సుకు బయలుదేరి వస్తాం.

ప్రేమతో,
అమ్మ