విషయం: లేసిక్ (లేజర్‌తో సైటు తీసే) ఆపరేషన్‌కు ముందు చత్వారం సంగతి చెప్పకపోవడంపై ఫిర్యాదు

కంటి ఆసుపత్రి మేనేజర్ గారికి,

నమస్కారం. నేను దేవరకొండలో ఇరవై ఏండ్లుగా బట్టలు కుడుతున్నాను. నా వయసు 44. ఈ ఏడాది జూన్ 14న మీ దగ్గర రెండు కళ్లకూ లేసిక్ చేయించుకున్నాను. 62 వేలు కట్టాను.

ఆపరేషన్ చెడిపోయిందని నేను అనడం లేదు. నల్లగొండ బస్టాండులో బస్సు బోర్డులు దూరం నుంచే చదువుతున్నాను. డాక్టరు గారి పనికి వంక పెట్టను. నా బాధంతా ముందుగా మీరు చెప్పని మాట గురించే, అంటే వయసుతో దగ్గరి చూపు తగ్గే చత్వారం గురించే.

నాకు మైనస్ 3 సైటు ఉండేది. అద్దాలు దూరానికే. మిషన్ ముందు కూర్చున్నానంటే తీసి పక్కన పెట్టేదాన్ని. సూదిలో దారం, హుక్కులు, కాజాలు, మగ్గం వర్కు అన్నీ ఉత్త కళ్లతోనే చేసేదాన్ని. ఇప్పుడు సూది బెజ్జం కనబడడం లేదు. నల్ల బట్ట మీద నల్ల దారమైతే అసలే కాదు. బతుకమ్మ పండుగకు వచ్చిన బ్లౌజుల్లో సగం వేరేవాళ్లకు ఇచ్చేశాను.

ఇదేందని అడిగితే మీ కౌన్సెలర్ "నలభై దాటినంక అందరికీ చత్వారం వస్తదమ్మా, రీడింగ్ అద్దాలు తీసుకోండి" అన్నారు. జూన్‌లో అదే మనిషి "ఇక జన్మలో అద్దాల అవసరం రాదు" అన్నారు.

ఇంకో డాక్టరుకు చూపిస్తే విడమరిచి చెప్పారు. లేజర్ నల్లగుడ్డు మీది పొర వంపునే మారుస్తుంది. వయసుతో లోపలి లెన్స్ బిరుసెక్కడాన్ని ఆపదు. మైనస్ 3 ఉన్న కంటికి అద్దాలు తీస్తే దాదాపు 33 సెంటీమీటర్ల దూరంలో తేటగా కనిపిస్తుందట. నేను గుడ్డ పట్టుకునేది సరిగ్గా అంత దూరంలోనే. దగ్గరి పని కోసం ఒక కంటికి కొంత మైనస్ ఉంచే పద్ధతి ఉందని, అది సరిపడుతుందో లేదో ముందు కాంటాక్ట్ లెన్సు పెట్టి చూడొచ్చని కూడా చెప్పారు. మీ దగ్గర ఒక్కరైనా "నువ్వు ఏం పని చేస్తావమ్మా" అని అడిగి ఉంటే చాలు.

సంతకం పెట్టించిన కాగితం ఇంగ్లీషులో ఉంది. లోపలికి తీసుకుపోయే ముందు, కళ్లలో చుక్కలు వేశాక పెట్టించారు. మొన్న మా అబ్బాయితో చదివిస్తే చత్వారం సంగతి నాలుగో పేజీలో ఉంది. అక్కడ ఉన్నంత మాత్రాన నాకు చెప్పినట్టు కాదు.

నేను కట్టిన డబ్బులో సగం తిరిగి ఇవ్వండి. నలభై దాటినవాళ్లకు ఈ విషయం తెలుగులో రాసి, ఇంటికి తీసుకుపోయి ఆలోచించుకునేలా కొన్ని రోజుల ముందే ఇవ్వండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

రసీదు, సంతకం చేసిన కాగితం జిరాక్సులు జత చేశాను.

ఇట్లు,
మీ పేషెంటు,
దేవరకొండ